ఇటుక పొడి తిన్న రింగు

మొన్న సామాన్ల గదికి కొత్త తలుపు పెట్టించాం. పాత తలుపు కింది చెక్క పుచ్చిపోయి ఎలకలు దర్జాగా దూరుతున్నాయని మా మనవరాలి గొడవ. కొత్త తలుపుకి తాళం తలుపులోనే ఉంటుంది, చెవి చూడబోతే చిటికెన వేలంత లేదు. వడ్రంగి పాత తాళం ఊడదీసి నా చేతికిస్తూ, "ఇంక ఆ చెవుల గుత్తితో పని లేదండి మామ్మగారూ, మీ నడుముకి బరువు తగ్గుద్ది" అన్నాడు. నా నడుము సంగతి అటుంచి నీ పైబందు వంకరగా బిగించావు, అది చూసుకో అనబోయి ఆగాను.

మనవరాలు గుత్తిని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "ఈ ఇనప గాజేంటి మామ్మా? ఇక్కడ తెగిపోయింది కూడాను" అంది. తెగిపోలేదు, తెగ్గోసే చేస్తారు దాన్ని అని చెప్పాను. అది గాజు కాదు, పిస్టను రింగు. ఆయిల్ ఇంజను లోపల సిలిండరనే గొట్టం ఉంటుంది. అందులో పిస్టను అనే ఇనప ముద్ద ముందుకీ వెనక్కీ ఆడుతూ ఉంటుంది. దాని చుట్టూ గాడుల్లో ఈ రింగులు కూర్చుని, గొట్టం గోడని ఒత్తిపట్టుకుని, లోపలి గాలి బిగువు పక్కనుంచి జారిపోకుండా కాపలా కాస్తాయి. రింగులు అరిగితే ఇంజనుకి ఊపిరి నిలవదు. ఇదంతా నేను బళ్ళో నేర్చుకోలేదు, నా బడి మూడో తరగతితో సరి. మా అత్తగారి వెంట తిరిగి నేర్చుకున్నాను. "మరి అరిగిపోయినదాన్ని దాచుకోవడమేంటి?" అంది పిల్ల. దానికి ఒక్క మాటలో జవాబు రాదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

మా అత్తగారి పేరు అచ్చమ్మ. నేను కాపురానికి వచ్చేసరికే మామగారు పోయి కొన్నేళ్ళయింది. సన్నటి మనిషి, గట్టి గొంతు. ఏలూరుకి దిగువన, కొల్లేటి ఒడ్డున మా ఇల్లు. వానాకాలం గుమ్మం మెట్టు దాకా నీళ్ళు, వేసంగిలో కనుచూపు మేర నెర్రెలు. ఆ ఇంట్లో ఏది ఎక్కడ ఉండాలో, ఏ పని ఎప్పుడు అవ్వాలో ఆవిడ గొంతే చెప్పేది. తెల్లారకముందే కళ్ళాపి, ఆ తరవాత చల్ల చిలకడం, పొద్దెక్కేసరికి అన్నం వార్చడం. గంజి పశువులకి, బియ్యం కడుగు ఆనపపాదుకి, పొయ్యిలో బూడిద గిన్నెలకి. పారేసేది అంటూ ఆ ఇంట్లో ఏదీ ఉండేది కాదు. చినిగిన చీర పక్కబట్ట అయ్యేది, పక్కబట్ట చినిగితే పీలికలయ్యేది, పీలికలు కూడా నలిగిపోతే దీపం ఒత్తులయ్యేవి. నన్ను ఇప్పుడు పిసినారి అంటారు. అననివ్వండి. నేను ఆ ఇంట్లో తయారైన మనిషిని.

అన్ని పనుల్లోకీ ఆవిడ గొప్పగా చెప్పుకునేది గిన్నెలు తోమడం. రోజువారీ గిన్నెలకి బూడిదా కొబ్బరి పీచూ చాలు. పండగకి ఇత్తడి బిందెలూ గుండిగలూ దించితే మాత్రం చింతపండూ ఇటుక పొడీ ఉండాల్సిందే. ఆ పొడికి ఏ ఇటుక పడితే ఆ ఇటుక పనికిరాదు. పాత గోడల్లోంచి తీసిన, బాగా కాలిన ఇటుకలు ఏరి, రోట్లో దంచి, పాత పంచెగుడ్డలో జల్లించి, మెత్తటిది ఒక మూతకుండలో దాచేవారు. దాన్ని కుంకం అనుకుని నొసట పెట్టుకున్న చుట్టాలు కూడా ఉన్నారు. చింతపండు పులుపు, తడిసిన ఇటుక, ఎండలో బోర్లించిన ఇత్తడి, ఈ మూడు వాసనలూ కలిసి వస్తే పండగ వచ్చిందని నా ముక్కుకి ఇప్పటికీ తెలుస్తుంది. మా పెరట్లో బోర్లించిన బిందెలు చూసి ఊళ్ళో అత్తలు తమ కోడళ్ళని సాధించేవారు. ఆ సంగతి మా అత్తగారికి తెలుసు. తెలిసే బిందెలు దారిలోకి కనపడేలా బోర్లించేవారు.

కొల్లేటి లోపల మాకు కొంత పొలం ఉండేది. నీళ్ళు తీశాక గట్లు పోసి దాళ్వా, అంటే వేసంగి వరి వేసేవాళ్ళు. నీళ్ళ బోదె పల్లంలో, చేను మెరకలో, కాబట్టి నీళ్ళు ఎత్తిపోయాలి. అందరూ గూడ వేసేవారు. అంటే ఇద్దరు మనుషులు అటూ ఇటూ నిలబడి, తాళ్ళు కట్టిన బుట్టని ఊపుతూ నీళ్ళు తోడి చేలోకి విసరడం. మామగారు పోయాక ఆ పొలాన్ని ఆయన అన్నగారు, మా పెద్దమామగారు, తన చేతిలోకి తీసుకున్నారు. మీ మంచికోసమే అనేవారు. ఏటేటా మా ఇంటికి వచ్చే ధాన్యం మాత్రం తగ్గిపోతూ ఉండేది. కొడుకు చేతికంది వచ్చాక అత్తగారు పొలం తిరిగి అడిగారు. నలుగురిలో కూర్చుని మాట అనుకున్నారు. వచ్చే దాళ్వా మీరే చేసుకోండి, పండితే మీ పొలం మీ చేతిలోనే ఉంటుంది, ఎండబెట్టుకుంటే మళ్ళీ నా చేతికి వచ్చేయాలి, ఇంకెప్పుడూ అడక్కూడదు. అత్తగారు సరేనన్నారు. గూడ వేసే మనుషులంతా పెద్దమామగారి మాట జవదాటనివాళ్ళు. అందుకని ఆవిడ, ఏలూరులో ఒక బియ్యం మిల్లు వాళ్ళు పక్కన పెట్టేసిన చిన్న ఆయిల్ ఇంజను ఒకటి, నీళ్ళు తోడే పంపుతో సహా కొని పడవలో తెప్పించారు. దొరల కాలం నాటిది. నల్లగా గుండ్రంగా ఏనుగుపిల్లలా ఉందని మా ఆయన దానికి గున్న అని పేరు పెట్టారు. కొన్నప్పుడు బాగానే నడిచింది. టకటకమంటూ పొగ గుండ్రాలు వదిలేది.

ఆ ఏడు దసరాకి కొల్లేరు నిండుగా ఉంది, ఇంజనుకి పని లేదు. ఆయుధ పూజకి కొడవళ్ళూ పారలూ కడిగి వరసగా పెట్టడం మా ఇంట్లో ఆనవాయితీ. ఇంజను కూడా ఆయుధమే కదా. మా ఆయన అప్పటికే లోపలి మసి గీకడానికి దాన్ని విప్పి, పిస్టను బయటికి తీసి పాకలో పీట మీద పెట్టారు. మసి పట్టిన ఆ ముద్దకి బొట్టు పెట్టడం అత్తగారికి మనసొప్పలేదు. ఆయన ఊళ్ళోకి వెళ్ళి వచ్చేలోగా చింతపండూ ఇటుక పొడీ పట్టుకుని కూర్చున్నారు. గాడులు గాడులుగా, రింగు రింగు చొప్పున, గుడ్డ పీలిక తిప్పి తిప్పి తోమారు. సిలిండరు లోపల చెయ్యి పట్టినంత మేరా తోమారు. నీళ్ళు పోసి కడిగారు, ఎండబెట్టారు, నూనె రాశారు. పిస్టను వెండి చెంబులా మెరిసింది. మా ఆయన వచ్చి చూసి ఎంత బాగుందో అని మురిసిపోయారు కూడా. పసుపూ కుంకం పెట్టి, పూజ చేసి, మర్నాడు మళ్ళీ బిగించేశారు.

దాళ్వా ఊడ్పులయ్యాక గున్నని గట్టు మీద తాటాకు పాకలో దింపారు. మొదట్లో నడిచింది. పోనుపోను పొగ నీలంగా రావడం మొదలుపెట్టింది, నూనె ఊరికే తాగేసేది. చేను పొట్టకి వచ్చే వేళకి మొరాయించింది. అంతకుముందు చక్రం చేత్తో తిప్పితే ఒకచోట ఎదురుతిరిగి వెనక్కి తన్నేది. ఇప్పుడు గానుగలా ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. విప్పి చూస్తే రింగులన్నీ గాజుల్లా వదులైపోయి ఉన్నాయి, ఒకటి ముక్కలైంది. సిలిండరు గోడకి సన్నటి గీతలు పడ్డాయి గానీ పాడవలేదన్నారు మా ఆయన. ఆ మాట అన్న సాయంత్రానికే ఆయనకి కొల్లేటి చలిజ్వరం పట్టుకుంది. ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం ఊగిపోయేది.

పెద్దమామగారు గొడుగేసుకుని గట్టు మీద చేను చుట్టూ తిరిగి మా ఇంటికి వచ్చారు. నేల బీటలు తీస్తోంది, పొట్టలో ఉన్న వెన్ను తాలైపోతుంది అని నెమ్మదిగా చెప్పారు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవారు కాదు. "ఆ ఇనుము ఎవరికైనా తూకానికి ఇచ్చేయమ్మా. మాట అనుకున్నాం కదా. ఇప్పుడే నా చేతికిస్తే గూడలు పెట్టించి ఉన్నంతవరకూ దక్కిస్తాను" అన్నారు.

"ఇంకా ఎండలేదు కదండీ బావగారూ. ఎండాక మాట్లాడుకుందాం" అన్నారు అత్తగారు. ఆయన మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. ఆవిడ విరిగిన రింగు ముక్కలూ, విరగని రింగు ఒకటీ పీలికలో మూటకట్టారు. మా ఆయన మంచం దగ్గర పక్కింటి పిన్నిగారిని కూర్చోబెట్టి, "అమ్మాయ్, బయల్దేరు" అన్నారు నాతో. ఇద్దరు ఆడవాళ్ళు ఇనుము బేరానికి వెళ్ళడమేంటని రేవులో పడవ ఎక్కుతుంటే నవ్వినవాళ్ళు నవ్వారు. ఆవిడ ఒక బుట్టలో ఎండుచేపలు కూడా పెట్టించారు. పనివాడి దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకూడదని, పని ముగిశాక చేతిలో పెట్టాలని ఆవిడ పద్ధతి.

ఏలూరులో స్టేషనుకి అవతల యోహాను మేస్త్రి ఇనుము తిప్పి చెక్కే లేతు పెట్టుకుని ఉండేవాడు. మిషను బళ్ళో చదువుకున్న మనిషి, మాటకారి. లేతు తిరిగినంతసేపూ ఆయన నోరూ తిరిగేది. ఆ లేతులో తాను చేయలేనిది ఆడపిల్లకి మొగుణ్ణి ఒక్కడినే అని చెప్పుకునేవాడు. ఇలాంటి రింగులు ఎక్కడా దొరకవు, ఆ ఇంజను చేసిన కంపెనీయే మూతపడింది, చేసుకోవలసిందే అన్నాడు. మూట విప్పి ముక్కని వెలుతురుకి పట్టాడు. రింగు పక్క అంచున అట్టకట్టిన జిడ్డుని గోరుతో గీకాడు. నల్ల జిడ్డు కింద గోటికి ఎర్రగా అంటింది. దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఏవండీ అమ్మగారూ, ఈ ఇంజను నీళ్ళు తోడుతోందా, ఇటుకలు కాలుస్తోందా?"

నేను నేలచూపులు చూశాను. అత్తగారు చూడలేదు. "నేనే తోమానండి, దసరాకి. తళతళలాడింది" అన్నారు.

"తళతళలాడే ఉంటదండి. మీరు తోమడం ఆపేసినా ఆ పొడి ఆపలేదు. గాడుల్లో కూర్చుని ఇన్నాళ్ళూ తోముతానే ఉంది."

అత్తగారు ఆ ముక్కని తీసుకుని తాను కూడా గోరుతో గీకి చూసుకున్నారు. ఏం కావాలో చెప్పమన్నారు. రింగులకి పోత ఇనుము కావాలండి, పాత గొట్టం అయితే మరీ మంచిది, మిల్లుల పనులు ముమ్మరంగా ఉండి నా దగ్గర ఉన్నదంతా అయిపోయింది అన్నాడు మేస్త్రి. తాడేపల్లిగూడెంలో యుద్ధం నాటి విమానాల మైదానం ఉంది కదా. ఆ పక్కన, దండు వదిలేసి పోయిన లారీల సామాను కొండలుగా పోసి అమ్ముతున్నారని, అక్కడ లారీ సిలిండరు లోపల తొడుగు ఒకటి తెమ్మని చెప్పాడు. ఇంత మందం, ఇంత వెడల్పు అని పుల్ల విరిచి కొలత ఇచ్చాడు. ఏరడం నాకు తెలుసులే అన్నారు అత్తగారు.

ఆ రోజు తివాచీలు నేసే పేటలో మా అత్తగారి దూరపు చుట్టాలింట్లో తలదాచుకున్నాం. ఇల్లంతా తడి ఉన్ని వాసన. తెల్లవారి పాసింజరు ఎక్కి గూడెంలో దిగాం. పాత ఇనుము వ్యాపారి ఒక శెట్టిగారు. చక్రాలూ, డబ్బాలూ, పేరు తెలియని సామానూ గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. కొలతకి సరిపోయే గొట్టాలు కొన్ని ఏరి ముందు పెట్టారు. అత్తగారు నడుముకి తాడుతో కట్టుకున్న తాళం చెవులు తీసి, సామాన్ల గది పెద్ద చెవితో ఒక్కో గొట్టాన్నీ కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు ఆవిడ చేసేది అదే. టంగుమని మోగితే మంచి కుండ, మొద్దుగా పలికితే పగులుంది. ఒక గొట్టం గుడిగంటలా మోగింది, పక్కనున్నది డబ్‌మంది. మోగినదాన్ని పట్టుకుని, మొద్దుగా పలికినదాన్ని కాలితో పక్కకి తోశారు. శెట్టిగారు మంచి ఎంపికండి అన్నారు. ఏది ఎంచినా అదే అనేవారని తరవాత అర్థమైంది.

ఏలూరు వచ్చి గొట్టం లేతుకి బిగించి మేస్త్రి ఉలి ఆనించాడు. మెలికలు మెలికలుగా మెరిసే తీగ ఒకటి చుట్టుకుంటూ పైకి లేచింది. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది. మేస్త్రి లేతు ఆపేశాడు.

"ఇది ఉక్కండి అమ్మగారూ. పోత ఇనుము ఇలా తీగ సాగదు, రవ్వలా రాలుద్ది. ఉక్కు రింగేస్తే సిలిండరుని గీరి పారేస్తది."

"గంటలా మోగింది కదయ్యా" అన్నారు అత్తగారు.

"మోగింది కాబట్టే ఉక్కండి. పోత ఇనుము మోగదు, మూగది."

"ఆ ముక్క ముందే చెప్పకూడదూ?"

"మీరు అడగలేదు కదండీ. ఏరడం తెలుసన్నారు."

ఇంట్లో అయితే ఆ మాట అన్నవాళ్ళ మీద పిడుగు పడేది. ఆవిడ మాత్రం, "అన్నాను. నిజమే" అని గొట్టం తీసి సంకన పెట్టుకున్నారు. అక్కడ చేను ఎండుతోంది. మళ్ళీ గూడెం వెళ్ళే రైల్లో దారి పొడుగునా ఆవిడ ఒక్కటే పని చేశారు. తాళం చెవితో కిటికీ చువ్వని, బల్లని, నా పక్కనున్నాయన ట్రంకు పెట్టెని కొట్టి వినడం. ఆయన పెట్టె ఒళ్ళోకి తీసుకున్నాడు.

శెట్టిగారు అమ్మిన సరుకు వెనక్కి తీసుకోనన్నారు. అత్తగారు వాదించలేదు. కొట్టు గుమ్మంలో నీడ చూసుకుని కూర్చుని, నన్నూ కూర్చోమని, అన్నం మూట విప్పి, పక్కన ఎండుచేపల బుట్ట మూత తీసి పెట్టారు. మధ్యాహ్నపు ఎండ, వేడిగాలి. శెట్టిగారు నీచు ముట్టని మనిషి. ముందు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకున్నారు, తరవాత లోపలికి వెళ్ళారు, తరవాత దొడ్డిదారిన తిరిగి వచ్చి, దూరంగా నిలబడి, "మీకు కావలసింది తీసుకుని బయల్దేరండి తల్లీ" అన్నారు. అత్తగారు చెయ్యి కడుక్కుని, గుట్టలో నిన్న తోసేసిన మొద్దు గొట్టాన్ని వెతికి, కొట్టి విన్నారు. డబ్‌మంది. "ఇదే" అన్నారు. ఒక్క రోజులో ఆవిడ చెవి అటుది ఇటు మార్చుకుంది. నాకు అది గొప్పగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈసారి ఉలి కింద నల్ల రవ్వ రాలింది. మేస్త్రి పైనా లోపలా చెక్కి, గొట్టాన్ని ఉల్లిపాయ చక్రాల్లా కోసి రింగులు విడదీశాడు. ఒక్కోదాన్నీ రంపంతో ఒకచోట తెగ్గోసి, చిన్న ముక్క తీసేసి, రెండు కొసలూ దగ్గరికి నొక్కి బిగించి మళ్ళీ పైన చెక్కాడు. అలా చేస్తేనే సిలిండరులో గుండ్రంగా ఒదిగి బయటికి ఒత్తుతుందట. కొసల మధ్య తాటాకు ముక్క బిగువుగా దూరేంత సందు ఉండాలి, మరీ దగ్గరైతే వేడికి పెరిగి పట్టేస్తుంది, మరీ ఎడమైతే ఊపిరి పోతుంది అని చెప్పి, కొసలు కాస్త ఎక్కువే ఉంచాను, ఇంటి దగ్గర ఆకురాయితో అరగదీసుకోండి అన్నాడు. చుట్టూ గోడకి ఆనుతోందో లేదో వెనకనుంచి దీపం పెట్టి వెలుతురు కారుతోందేమో చూడమన్నాడు. అత్తగారు మిగిలిన ఎండుచేపలు ఇచ్చారు. మీ చేపలు గూడెంలో కూడా పనిచేశాయంటండీ అని నవ్వాడు. నేనే చెప్పాను ఆ సంగతి.

పొలం పాకలో ముందు సిలిండరు కడగడం. అది ఇంకెవరినీ ముట్టనివ్వలేదు అత్తగారు. కిరసనాయిలు పోసి, మెత్తటి పాతచీర పీలికతో తుడిచి, పీలికని ఎండలో పట్టి చూసేవారు. ఎర్రబడితే మళ్ళీ పోసేవారు. పిస్టను గాడుల్లో ఈనెపుల్ల తిప్పి ప్రతి గాడినీ గీకారు. గుడ్డ ఎర్రబడటం మానేదాకా అలా చేస్తూనే ఉన్నారు. మా ఆయన జ్వరం కాస్త విడిచి, దుప్పటి కప్పుకుని గడ్డిమోపు మీద కూర్చుని ఎలా చెయ్యాలో చెబుతున్నారు. వేళ్ళు వణుకుతున్నాయి కాబట్టి ఆకురాయి నా చేతికొచ్చింది. నాకు చెయ్యి నిలకడ. తాటాకు ముక్క దూరేదాకా కొసలు అరగదీశాను. దీపం పెట్టి చూస్తే మాత్రం ఏమీ తెలియలేదు, తాటాకు కప్పులోంచి పడే ఎండచుక్కల్లో దీపం వెలుతురు ఎక్కడ కనపడుతుంది? అప్పుడు నాకు కాటుక గుర్తొచ్చింది. ఆముదం దీపం మీద పట్టిన కాటుక భరిణె ఇంటి దగ్గర్నుంచి తెప్పించి, సిలిండరు లోపల వేలితో పల్చగా రాశాను. రింగు దూర్చి, కొంచెం జరిపి, బయటికి తీస్తే ఎక్కడ ఆనిందో అక్కడ నల్లగా అంటుకుంది, ఆననిచోట తెల్లగా ఉంది. నల్లటిచోట నూనె రాతి మీద కొద్దికొద్దిగా అరగదీయడం, మళ్ళీ దూర్చి చూడడం. చుట్టూ ఒకే నలుపు వచ్చేదాకా అలాగే చేశాను.

"నీ కళ్ళకి కాస్త మిగిల్చావా?" అన్నారు మా ఆయన.

"ఈ నెలకి గున్నకే పెడుతున్నా" అన్నాను. అత్తగారి ఎదుట మా ఆయనతో నేను హాస్యమాడటం అదే మొదలు. ఆవిడ వినలేదన్నట్టు పీలిక పిండుకున్నారు. కాటుకంతా తుడిచేశాక కూడా ఇంకోసారి ఎండలో గుడ్డ చూసుకున్నారు.

బిగించేసరికి గట్టు మీద జనం చేరారు. పెద్దమామగారు గొడుగుతో వచ్చి ఒక పక్కగా నిలబడ్డారు. పాలేరు చక్రం పట్టి తిప్పబోతే అత్తగారు అతన్ని ఆపి, తాను ఒక చెయ్యి వేసి మెల్లగా తిప్పారు. సగం చుట్టు తిరిగాక చక్రం ఎదురుతిరిగి ఆవిడ చేతిని వెనక్కి నెట్టింది. ఆవిడ ముఖం చూశాను. కొత్తగా పుట్టిన దూడ పొదుగుని కుమ్మితే పాడి ఆవు ఎలా ఊరుకుంటుందో అలా కదలకుండా ఆ నెట్టుడికి చెయ్యి ఇచ్చి నిలబడ్డారు. "తిప్పండి" అన్నారు. తిప్పారు. దగ్గింది, మళ్ళీ దగ్గింది, పొగ గుండ్రం ఒకటి వదిలి టకటక అందుకుంది. పంపు గొట్టంలోంచి బురదనీళ్ళు ముందు తుపుక్కుతుపుక్కుమని వచ్చి తరవాత లావుగా పడ్డాయి. పెద్దమామగారు గొడుగు ముడిచి కాసేపు చూసి, గట్టు దిగి వెళ్ళిపోయారు. చివరి మళ్ళు కొన్ని తాలుపోయాయి, ఉన్నమాట చెప్పాలి. తక్కినదంతా పండింది. పొలం మా చేతిలో ఉండిపోయింది.

మళ్ళీ దసరా వచ్చింది. బిందెలు దించే రోజు అత్తగారు ఇటుక పొడి కుండ తెచ్చి, మూత తీసి, మొత్తం పెరటి గుమ్మం బయట బురదగుంటలో పోసేశారు. ఏ ఒక్క పీలికనూ పారేయని మనిషి, అంత మెత్తగా జల్లించిన పొడిని పారబోశారు. ఇకనుంచి బిందెలకి చింతపండూ బూడిదే అన్నారు. మెరుపు తగ్గింది. తగ్గితే తగ్గింది. ఇంజనుని విప్పనివ్వలేదు, గుడ్డతో పైన తుడిచి బొట్టు పెట్టమన్నారు. ఆ పూటే తాళం చెవుల తాడు విప్పేసి, ఏలూరు మూటలో మిగిలిన పాత రింగుకి చెవులన్నీ ఎక్కించుకుని నడుమున దోపుకున్నారు.

పూజకి వచ్చిన పెద్దమామగారి కంట అది పడింది. "ఇదేంటమ్మా, కొత్త వడ్డాణమా?" అన్నారు.

"నా తెలివండి బావగారూ. ఇంజను పాడు చేసింది ఇదే. ఎక్కడో పెడితే మర్చిపోతానని దగ్గర పెట్టుకున్నాను" అన్నారు అత్తగారు.

అంతవరకూ ఊళ్ళో అందరూ ముసలి ఇంజను కాబట్టి ఆగిపోయిందనే అనుకుంటున్నారు. ఆవిడ చెప్పకపోతే ఎవరికీ తెలిసేదే కాదు. గెలిచిన మనిషి ఓడిన మనిషి ముందు ఆ మాట అననక్కర్లేదు. పెద్దమామగారు ఆ తరవాత మా ఇంటి మీద ఎప్పుడూ పెత్తనం మాట ఎత్తలేదు. చేల సంగతుల్లో సలహా కావలసి వస్తే అరుగు మీదికి వచ్చి కూర్చునేవారు. ఆవిడ కాళ్ళు చాలని రోజుల్లో గుత్తి నా చేతిలో పెట్టారు. చెప్పాల్సింది దానికే తగిలించి ఉంది కదా.

ఇప్పుడు ఆ పొలం చేపల చెరువు. గట్ల మీద లారీలు, నీళ్ళకి గాలి కొట్టే మోటార్లు. మొన్నామధ్య ఒక మోటారు ఆగిపోతే విప్పకుండానే బండెక్కించి కొత్తది తెచ్చారు. విప్పి చూడండర్రా అన్నాను. లోపలంతా మూసేసి ఉంటుంది మామ్మా, విప్పేది కాదు అన్నారు. ఆ రోజులే మంచివి అని నేననను. చలిజ్వరం మంచిదా, గూడ వేసి విరిగిన నడుములు మంచివా? కానీ ఒకటి అంటాను. విప్పగలిగిన వస్తువులో తప్పు ఎక్కడుందో కనపడేది, ఎవరిదో కూడా కనపడేది. మూసేసిన వస్తువు పాడైతే తప్పు ఎవరిదీ కాదు, నేర్చుకునేదీ ఏమీ ఉండదు.

పాత తాళం చెవులన్నీ తీసి పాత ఇనుము వాడికి ఇచ్చేయమని మనవరాలికి చెప్పాను. రింగుకి కొత్త తలుపు చెవి ఒక్కటే తగిలించి మళ్ళీ నడుమున దోపుకున్నాను. అంత రింగుకి ఇంత చెవి చూసి అది నవ్వింది. నవ్వనీ. నాకు తెలుసు అని నోటిదాకా వచ్చినప్పుడల్లా ఆ ఇనుము పక్కలో ఒత్తుకుంటుంది. వడ్రంగిని పైబందు గురించి అనబోయి ఆగింది అందుకే. ఆగి, దారానికి రాయి కట్టి తలుపు పక్కన వేలాడదీసి చూశాను. వంకరే. ఊడదీయించి, మళ్ళీ బిగించాకే పంపాను.